టోపీ తయారీ నేర్చుకోవడం ఎలా: బెంగళూరులో ఫ్యాషన్ చదివేవారికి, వారికి పాఠం చెప్పేవారికి

హిందూపురం, చిత్తూరు, కర్నూలు వైపుల నుంచి వచ్చి బెంగళూరులో ఫ్యాషన్ డిజైన్ చదువుతున్న పిల్లలు తరచుగా అడుగుతుంటారు: "మేడమ్, టోపీల మీద ఏ పుస్తకం చదవాలి? ఏ వీడియో చూడాలి?" న్యాయమైన ప్రశ్నే. జాకెట్టుకు, గౌనుకు దొరికినంత సమయం కోర్సులో టోపీకి దొరకదు. పుస్తకమూ కావాలి, వీడియో కూడా కావాలి. కాని అవి రెండో వారంలో. మొదటి వారంలో మీకు కావలసింది ఒక పాత టోపీ, సన్నని మొన ఉన్న చిన్న కత్తెర.

ఒంటికి వేసుకునే బట్ట భుజం నుంచో నడుము నుంచో వేలాడుతుంది. టోపీ మాత్రం తనంతట తాను నిలబడాలి. లోపల బక్రమో (బిగువు కోసం వేసే గట్టి గుడ్డ), తీగో, దగ్గర దగ్గరగా వేసిన కుట్లో దాన్ని నిలబెడుతుంటాయి. ఆ పని ఏది చేస్తోందో ఫొటోలో కనబడదు. విప్పితేనే తెలుస్తుంది.

ముందు ఒక టోపీ విప్పండి

ఇంట్లోనో హాస్టల్లోనో మూలన పడి ఉన్న నూలు బకెట్ టోపీ చాలు. క్రికెట్ అంపైర్లు పెట్టుకునే వెడల్పు అంచు టోపీ దొరికితే మరీ మంచిది. కత్తెర తీసే ముందు నాలుగు వైపుల నుంచీ, లోపలి నుంచీ ఫొటోలు తీయండి. లోపలి చుట్టుకొలత, తలభాగం (క్రౌన్) ఎత్తు, అంచు (బ్రిమ్) వెడల్పు రాసుకోండి. అంచు వెడల్పును ముందు, వెనక, పక్కల విడివిడిగా కొలవండి. చాలా టోపీల్లో ఈ మూడూ ఒకటిగా ఉండవు. ప్రతి ముక్క మీదా చాక్‌తో ముందు ఏది, వెనక ఏది, పైకి ఏది అని గుర్తు పెట్టి అంకె వేయండి.

ఇక కుట్లు విప్పండి. ముందుగా ఊడి వచ్చేది లోపలి చెమట పట్టీ. తరువాత అస్తరు, ఆపైన అంచుకూ తలభాగానికీ మధ్య ఉన్న కుట్టు, చివరికి తలభాగం ముక్కల మధ్య కుట్లు. ఏది ఎప్పుడు విప్పారో వరసగా రాసుకుంటూ పోండి. పని పూర్తయ్యాక ఆ జాబితాను కింది నుంచి పైకి చదివితే అదే టోపీ కుట్టే క్రమం. ఇంత నమ్మకమైన పాఠం ఏ పుస్తకమూ చెప్పదు, ఎందుకంటే ఇది మీ చేతిలో ఉన్న ఆ టోపీకే చెందిన పాఠం.

అంచు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. రెండు పొరల గుడ్డ మధ్య పలచని కాన్వాసో బక్రమో ఉంటుంది. పైన ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాల్లాంటి మిషను కుట్లు ఉంటాయి. అవి అలంకారం అనుకుంటారు చాలామంది. ఒక పావు భాగంలో ఆ వలయాలను విప్పి, విప్పిన చోటునూ విప్పని చోటునూ వేళ్లతో వంచి చూడండి. విప్పిన చోట అంచు మెత్తగా వాలిపోతుంది, విప్పని చోట బిగువుగా నిలుస్తుంది. మూడు పొరలను ఒకే పలకగా చేసేది ఆ కుట్లే. వలయాల మధ్య దూరం స్కేలుతో కొలిచి రాసుకోండి. దూరం తగ్గితే బిగువు పెరుగుతుంది.

ముక్కలన్నీ ఇస్త్రీ చేసి గోడ క్యాలెండర్ కాగితం మీద పరచి గీయండి. ఆ కాగితం మందంగా ఉంటుంది, వెనక తెల్లగా ఉంటుంది, డబ్బు పెట్టనక్కర్లేదు.

ఒక జాగ్రత్త ఉంది. ఎవరి తాతగారి పెట్టెలోనో దొరికిన పాత విదేశీ ఫెల్ట్ (నేయకుండా, బొచ్చునో ఉన్నినో ఒత్తి చేసిన గుడ్డ) టోపీని మాత్రం విప్పకండి, ఆవిరి పట్టకండి. 19వ శతాబ్దంలో కుందేలు, బీవర్ బొచ్చును ఫెల్ట్‌గా మార్చడానికి పాదరసం కలిసిన రసాయనం వాడేవారు. ఆ పనిచేసిన కార్మికులకు చేతులు వణకడం, మనసు చెదరడం మామూలైపోయింది. అమెరికాలో ఆ వాడకం 1941లో గాని ఆగలేదు. అలాంటి టోపీలో పాదరసం ఇంకా మిగిలి ఉండవచ్చు. ఫొటో తీసుకుని, కవరులో మూసి పక్కన పెట్టండి.

తల కొలవడం

టేపును కనుబొమలకు ఒక సెంటీమీటరు పైన ఉంచి, చెవులకు పైగా, తల వెనక ఉబ్బెత్తు భాగం మీదుగా తిప్పండి. బిగించవద్దు, ఒక వేలు దూరాలి. జడ వేసుకునేవారైతే జడతోనే, కొప్పు పెట్టుకునేవారైతే కొప్పుతోనే కొలవాలి. టోపీ పెట్టుకునే రోజు జుట్టు ఎలా ఉంటుందో ఆ కొలతే లెక్క. దానికి అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు వరకు వదులు కలపండి.

తల గుండ్రంగా ఉండదు. ముందు నుంచి వెనక్కి పొడవు ఎక్కువ, పక్కలకు తక్కువ. అందుకే చుట్టుకొలత సరిపోయినా కొన్ని టోపీలు నుదుటి మీద నొక్కి చెవుల దగ్గర ఖాళీగా ఉంటాయి. మెత్తని తీగను తల చుట్టూ ఒత్తి, ఆకారం చెడకుండా తీసి, అట్ట మీద పెట్టి గీయండి. ఆ కోడిగుడ్డు ఆకారపు అట్టను కత్తిరించి దాచుకోండి, తరువాత అచ్చు చేయించడానికి అదే ఆధారం.

పాత ఇంగ్లీషు పుస్తకాల్లో సైజులు 7, 7 1/8 అని ఉంటాయి. చుట్టుకొలతను 3.14తో భాగించి అంగుళాల్లోకి మార్చిన లెక్క అది. 57 సెంటీమీటర్ల తల అమెరికా పద్ధతిలో 7 1/8, బ్రిటన్ పద్ధతిలో 7. ఏ దేశపు పుస్తకమో చూడకుండా ఆ అంకెలు వాడకండి.

మొదటి టోపీ: ఆరు ముక్కలది

మిషను మీద కుట్టే నూలు టోపీతో మొదలుపెట్టండి. తల 57, వదులు 1, మొత్తం 58 సెంటీమీటర్లు అనుకుందాం. ఆరుతో భాగిస్తే ఒక్కో ముక్క అడుగు వెడల్పు సుమారు 9.7. ఒక చెవి పైనుంచి నడినెత్తి మీదుగా రెండో చెవి పైవరకు కొలిస్తే, అందులో సగం ముక్క ఎత్తు. కుట్టు కోసం రెండు వైపులా సెంటీమీటరు చొప్పున వదలండి.

ఇక్కడ రెండు సంగతులు మనసుపెట్టి చూడాలి.

ఒకటి, ముక్క పై కొన. ఆరు కొనలూ నడినెత్తిన కలుస్తాయి. ఒక్కో కొన కోణం 60 డిగ్రీలు ఉంటే ఆరూ కలిసి 360 అవుతాయి, నెత్తి చదునుగా కూర్చుంటుంది. 50 డిగ్రీలే ఉంటే మొన తేలుతుంది. 70 ఉంటే గుడ్డ మిగిలి ముడతలు పడుతుంది. ఈ మూడు కోణాలతో చిన్న కాగితం నమూనాలు మూడు చేసి, టేపుతో అతికించి బల్ల మీద పక్కపక్కన పెట్టండి. నెత్తి ఎందుకు మొన తేలిందని తరువాత ఎవరినీ అడగనక్కర్లేదు.

రెండోది, కుట్టు వెడల్పు. ప్రతి కుట్టులో ఒక మిల్లీమీటరు ఎక్కువ లోపలికి పోయిందనుకోండి. రెండు వైపుల ముక్కల నుంచీ పోతుంది కాబట్టి కుట్టుకు 2 మిల్లీమీటర్లు. ఆరు కుట్లకు 12. అంటే 58 అనుకున్న టోపీ 56.8కి దిగింది, తలకు ఎక్కదు. జాకెట్టులో క్షమించదగిన తేడా టోపీలో కుదరదు. అందుకే మిషను పలక మీద సూదికి సరిగ్గా సెంటీమీటరు దూరంలో మాస్కింగ్ టేపు ముక్క అతికించి, గుడ్డ అంచును దానికి ఆనించి కుట్టండి.

అంచు గీయడానికి వృత్తలేఖిని ఉంటే చాలు. 58 చుట్టుకొలతకు వ్యాసార్ధం 9.2 సెంటీమీటర్లు. ఆ వృత్తం చుట్టూ 7 సెంటీమీటర్ల వెడల్పు వలయం గీస్తే అంచు పళ్లెంలా చదునుగా వస్తుంది. బకెట్ టోపీలా కిందికి వాలాలంటే లోపలి వ్యాసార్ధం పెంచి, పూర్తి వృత్తం బదులు అందులో కొంత భాగమే తీసుకోవాలి. 12 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో 277 డిగ్రీల చాపం గీయండి, లోపలి అంచు పొడవు అదే 58 వస్తుంది, అంచు సుమారు 40 డిగ్రీలు కిందికి వాలుతుంది. చివరలు కలపడానికి కుట్టు వదలడం మరవద్దు. ముందు కాగితంతో చేసి తలమీద పెట్టుకుని అద్దంలో చూడండి. ముఖం ఎంత కనబడుతోంది, నీడ ఎక్కడ పడుతోంది అన్నవి కాగితం మీదే తేల్చుకోవాలి.

అచ్చు మీద సాగదీసే టోపీ

రెండో టోపీకి కుట్టు మిషను పక్కన పెట్టండి. తడిపిన బక్రాన్ని తల ఆకారపు అచ్చు మీద సాగదీసి, ఆరబెట్టి, ఆ పెంకు మీద గుడ్డ కప్పే పద్ధతి ఇది. పెళ్లిళ్లకు, ఫ్యాషన్ షోలకు కనబడే చిత్రమైన తల అలంకారాలు, చిన్న టోపీలు చాలావరకు ఇలాగే పుడతాయి.

సామాను కోసం చిక్‌పేట మెట్రో స్టేషన్‌లో దిగి నగర్తపేట వైపు నడవండి. టైలరింగ్ సామాను అమ్మే సందులవి. కన్నడం ఇంకా పూర్తిగా రాకపోయినా తెలుగులో అడిగితే చాలా దుకాణాల్లో పని జరుగుతుంది. ఊరికే బక్రం అంటే కాలరులో వేసే రకం, ఇస్త్రీతో అతుక్కునే రకం చేతిలో పెడతారు. ఇలా అడగండి: "అన్నా, ఇస్త్రీతో అంటుకునేది వద్దు. తడిపితే మెత్తబడి, ఆరితే గట్టిపడే బక్రం ఉందా? పావు మీటరు ఇవ్వండి, చూసుకుని మళ్లీ వస్తాను."

ఇంటికి తెచ్చాక పరీక్ష చేయాలి. అరచేతి వెడల్పు ముక్కను ఐమూలగా కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో ముంచి, బోర్లించిన స్టీలు గిన్నె మీద పరచి చుట్టూ దారంతో కట్టండి. మర్నాడు ఊడదీస్తే గిన్నె ఆకారం అలాగే నిలిస్తే అది మీకు పనికొచ్చే బక్రం. నొక్కితే చప్పబడి లేవకపోతే రెండు పొరలు వేసి మళ్లీ చూడండి. అప్పటికీ నిలవకపోతే మందుల దుకాణంలో దొరికే గాజుగుడ్డ తెచ్చి, సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, మూడు నాలుగు పొరలు పేర్చండి. గంజితో కూడా గట్టిపడుతుంది కాని గాలిలో తేమ పెరిగితే మళ్లీ మెత్తబడుతుంది, పైగా పురుగు పడుతుంది. వానాకాలంలో ఏ పద్ధతైనా ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, ఫ్యాను కింద పెట్టి రాత్రంతా వదిలేయండి.

మొదటి అచ్చుగా విగ్గుల దుకాణాల్లో పెట్టే థర్మోకోల్ తల సరిపోతుంది. అది తరచుగా అసలు తలకన్నా చిన్నది, కాబట్టి కొలత వచ్చేవరకు పాత గుడ్డ పట్టీలు చుట్టి, పైన పలచని ప్లాస్టిక్ కాగితం బిగించండి. లేకపోతే ఫెవికాల్ అచ్చుకే అంటుకుంటుంది.

బక్రాన్ని ఐమూలగా పెట్టి ముందు, వెనక, కుడి, ఎడమ ఒక్కో పిన్ను గుచ్చండి. తరువాత ప్రతి రెండు పిన్నుల మధ్యా లాగి ఇంకొకటి. ఒకవైపు నుంచి వరసగా లాగుతూ పోతే ముడతలన్నీ చివరి వైపు చేరి, ఇక ఎక్కడికీ పోవు. ఎదురెదురుగా లాగితే ముడత నాలుగు వైపులా పంచుకుపోయి మాయమవుతుంది. పోగులు ఒకదాని మీద ఒకటి జరుగుతూ చదరపు గళ్లు వజ్రం ఆకారంలోకి మారడం కళ్లముందే కనబడుతుంది. గుడ్డను ఐమూలగా ఎందుకు కత్తిరించాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు. పిల్లలందరినీ ఆ క్షణంలో బల్ల చుట్టూ నిలబెట్టి చూపించాలి.

ఆరిన పెంకు అంచుకు తీగ కుట్టాలి. తుప్పుపట్టని సన్నని తీగకు గుడ్డ పట్టీ చుట్టి వాడండి. చివరలు ఒకదానిమీద ఒకటి నాలుగైదు సెంటీమీటర్లు కప్పి, దారంతో బిగించి కట్టండి. ఆ మొన బయటికి వస్తే పెట్టుకున్నవారి నుదురు గీరుకుంటుంది.

ఫెల్ట్, గడ్డి

ఇవి మూడో మెట్టు. ఉన్ని పోగు మీద సన్నని పొలుసులు ఉంటాయి. వేడి, తడి, ఒత్తిడి తగిలితే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ఫెల్ట్ అంటే ఆ చిక్కే, అందులో నేత లేదు. అందుకే ఆవిరి పట్టగానే ఎటు లాగితే అటు సాగి, చల్లారాక అలాగే ఉండిపోతుంది. మన గొంగడి ఉన్నిదే అయినా నేసినది, దాన్ని అచ్చు మీద అలా సాగదీయలేరు. ఆవిరికి థర్మోకోల్ వంగిపోతుంది కాబట్టి కర్ర అచ్చు కావాలి. వడ్రంగికి మీ అట్ట ముక్క ఇచ్చి, పిన్ను దిగేంత మెత్తగా ఉండి తడికి రంగు వదలని కర్రతో చేయమనండి. తరిణె మీద తిప్పితే గుండ్రంగానే వస్తుంది, పక్కలు చేత్తో చెక్కాలని ముందే చెప్పండి.

గడ్డి టోపీల్లో వాడే సినమే గుడ్డ ఫిలిప్పీన్స్‌లో పెరిగే, అరటి కుటుంబానికి చెందిన అబాకా నారతో నేస్తారు. పనామా టోపీ అసలు ఊరు ఈక్వడార్. అక్కడి టొకియా గడ్డి నేతను యునెస్కో 2012లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. చదువుకునే దశలో మన తాటాకు చీలికలతో జడ అల్లి, దాన్ని చుట్టలు చుట్టి కుట్టడం సాధన చేయండి. చేతికి అదే పని అలవాటవుతుంది.

ఇప్పుడు పుస్తకాలు తెరవండి

1910, 1920ల మొదటి సంవత్సరాల్లో అమెరికాలో టోపీ తయారీ మీద పాఠ్యపుస్తకాలు చాలా వచ్చాయి. పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్‌లో 1916లో మొదలైన ఉమన్స్ ఇన్‌స్టిట్యూట్ అయితే పోస్టు ద్వారానే కుట్టుపని, టోపీపని నేర్పింది. ఎదురుగా టీచరు లేని విద్యార్థి కోసం రాసిన పాఠాలు కనుక ప్రతి కుట్టూ బొమ్మ వేసి చెప్పారు. కాపీహక్కుల గడువు తీరిన ఇలాంటి పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫ్యాషన్ పాతబడింది గాని తీగ కట్టే పద్ధతి, అస్తరు దాచే కుట్టు మారలేదు.

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో తన దగ్గరున్న లక్షల ఫొటోలను ఎవరైనా వాడుకునేలా విడుదల చేసింది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణ కూడా నెట్‌లో చూడవచ్చు. అందమైన ముందువైపు ఫొటోను వదిలి, లోపలి వైపు, వెనక వైపు తీసిన ఫొటోల కోసం వెతకండి. పేరున్న టోపీ డిజైనర్లు స్టీఫెన్ జోన్స్, ఫిలిప్ ట్రీసీల పనిని బక్రం అచ్చు ఒకటి మీ చేత్తో పూర్తిచేశాక చూడండి. గాలిలో తేలుతున్నట్టున్న ఆ ఆకారం బరువు ఎక్కడ ఆనుతోందని మీ కళ్లు వాటంతట అవే వెతుకుతాయి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ)లో చదివేవారికి క్యాంపస్ రిసోర్స్ సెంటర్ ఉండనే ఉంది.

ఇక మన చుట్టూ ఉన్నవాటి మీద నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. బెంగళూరు నుంచి లేపాక్షి ఒక్కరోజులో వెళ్లి రావచ్చు. వీరభద్రాలయం పైకప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాల్లో పురుషుల తలల మీద పొడవాటి కుళ్ళాయిలు (శంకువు లాంటి టోపీలు) చూడండి. తిరుమలలో శ్రీకృష్ణదేవరాయల విగ్రహం తలమీద ఉన్నదీ ఆ కుళ్ళాయే. స్కెచ్ వేసుకుని వచ్చి దాన్ని శంకువుగా లెక్కకట్టండి: 58 చుట్టుకొలత, 25 సెంటీమీటర్ల ఎత్తు అయితే ఏటవాలు పొడవు 26.6, కత్తిరించాల్సిన చాపం సుమారు 125 డిగ్రీలు. మన చరిత్రలోని ఒక టోపీ మీ ప్యాటర్న్ పుస్తకంలో చేరుతుంది. సన్మానాలకు అమ్మే రెడీమేడ్ మైసూరు పేటాను (తలపాగాను) బోర్లించి చూడండి. పట్టు చుట్టలను లోపల ఏది పట్టి ఉంచిందో గమనించండి. బ్రిటిష్ కాలపు సోలా టోపీకి మన చెరువుల్లో పెరిగే జీలుగు బెండే ప్రాణం. కర్ణాటక పోలీసు కానిస్టేబుళ్లు చాలాకాలం పెట్టుకున్న, ఒకవైపు అంచు పైకి మడిచిన స్లౌచ్ హ్యాట్ కూడా మంచి అభ్యాసం.

పాఠం చెప్పేవారికి

ఒక్కో విద్యార్థికి ఒక్కో అచ్చు కొనాల్సిన పని లేదు. 54, 56, 58, 60 కొలతల్లో నాలుగు కర్ర అచ్చులు ఉంటే వంతులవారీగా తరగతి నడుస్తుంది. ప్రతి విద్యార్థి చేత నమూనాల పుస్తకం పెట్టించండి. ప్రతి పేజీలో చిన్న ముక్క అతికించి, ఏ గుడ్డ, ఎన్ని పొరలు, ఏ జిగురు ఎంత నీళ్లతో, ఎంతసేపటికి ఆరింది, ఆ రోజు వాన ఉందా ఎండా అన్నవి రాయించండి. చెడిపోయిన ముక్కను కూడా అతికించమనండి. దాని పక్కన కారణం రాసిన పేజీకి ఎక్కువ మార్కులు ఇవ్వండి.

స్టిఫెనర్ (గుడ్డను గట్టిపరిచే ద్రవం), జిగురు వాడే రోజున కిటికీలు తెరిచి ఉండాలి. ఆవిరి కెటిల్ దగ్గర ఒకసారి ఒక్కరే ఉండాలి, చేతికి మందపాటి తొడుగు తప్పనిసరి.

చెమట పట్టీని చివరి పాఠంగా పెట్టి తేలిక చేయకండి. గ్రోస్‌గ్రెయిన్ రిబ్బనులో (అడ్డంగా సన్నని గాట్లలాంటి గీతలున్న రిబ్బను) నూలు లేదా రేయాన్ రకం ఆవిరి ఇస్త్రీకి వంపు తిరుగుతుంది, పాలియెస్టర్ రకం తిరగదు. కొనే ముందు చిన్న ముక్క ఇస్త్రీ చేసి చూడమనండి. మన ఇళ్లలో తలకు నూనె రాస్తారు, అది రెండు వారాల్లో పట్టీ దాటి పై గుడ్డకు పాకుతుంది. కాబట్టి ఐమూలగా కత్తిరించిన మూడు సెంటీమీటర్ల నూలు పట్టీని చేత్తో, విప్పి ఉతికి మళ్లీ కుట్టుకునేలా వేయించండి. తలమీద పెట్టి పరీక్షించేటప్పుడు కూడా కుట్టినవారి తల ఒక్కటే చాలదు. అదే సైజు ఉన్న మరో ఇద్దరికి పెట్టి, మెట్లు ఎక్కి దిగి రమ్మనండి. నుదుటి మీద ఎర్రని గీత పడితే ఆ చోటును చాక్‌తో టోపీ లోపల గుర్తుపెట్టి, పట్టీ విప్పి, అక్కడ రెండు మిల్లీమీటర్లు వదిలి మళ్లీ కుట్టించండి.